మండలు కొట్టిన కాలం

మా ఊళ్లో బందెలదొడ్డి ఉండిన చోట ఇప్పుడు మంచినీళ్ల ప్లాంటు ఉంది. బిళ్ల వేస్తే క్యాను నిండుతుంది. అక్కడ అంతకుముందు ఏముండేదని ఈ కాలం కుర్రాళ్లనడిగితే చెప్పలేరు. నడుమెత్తు రాతి గోడ, ఇనప గొళ్లెం వేసిన చెక్క తలుపు, లోపల ఒక నీళ్ల తొట్టి, గోడ పక్కన నిద్రగన్నేరు చెట్టు, అంతే. చేలో పడ్డ గొడ్డుని కావలివాడు తోలుకొచ్చి అందులో పెట్టేవాడు. బందె కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే వేలం. 1871లో ఇంగ్లీషువాళ్లు పశువుల అతిక్రమణ మీద చట్టమొకటి చేశారు. ఊరూరా ఆ దొడ్లు నడిచింది దాని కిందే.

బందె డబ్బు కోసం, పాడైన పంట కోసం ఊళ్లో తగువులు పడేవాళ్లన్నది నిజమే. కానీ కొన్ని నెలల్లో ఆ దొడ్డి వల్ల బతికింది చేను కాదు, గొడ్డే.

మా ఊరు తాడేపల్లిగూడేనికి ఎగువన, మాగాణి అయిపోయి ఎర్రనేల మొదలయ్యే చోట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ కింది ఊళ్లన్నీ వరి ఊళ్లయ్యాయి. మా మెట్టకి వానే దిక్కు. జొన్న, కంది, ఆముదం, తర్వాత్తర్వాత పొగాకు. జొన్న కోసేశాక దుబ్బులు చేలోనే ఉండేవి. అకాలంగా ఒక జల్లు పడిందంటే నాలుగు రోజుల్లో ఆ దుబ్బుల్లోంచి నాము లేచేది. జానెడు పొడుగు, లేతాకుపచ్చ, చూడ్డానికి ముద్దొస్తూ ఉంటుంది. చుట్టూ గడ్డంతా ఎండి ఉన్న రోజుల్లో అంత పచ్చన గొడ్డు కంట పడితే ఆగుతుందా?

మా పక్కింటివాళ్ల చూడి ఆవు అలాగే పోయింది. పలుపు తెంపుకుని చేలో పడింది. పిడికెడు మేసిందో, రెండు పిడికెళ్లు మేసిందో. ఇంటికి తోలుకొస్తుంటే దారిలోనే తూలింది. ముక్కుపుటాలు పెద్దవి చేసి ఎగశ్వాస పీల్చింది, కాళ్లు బారజాపి పడింది. మా తాతయ్య దాని పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు కుంకుమలా ఎర్రగా ఉన్నాయి. చచ్చిపోతున్న జంతువు చిగుళ్లు పాలిపోవాలి గదా అని మాకు వింత. బెల్లం నీళ్లు కలిపి గొట్టంతో పోశారు. గూడెం నుంచి పశువుల డాక్టరు సైకిలు మీద వచ్చేసరికి అయిపోయింది. ఆయన సంచిలో హైపో సీసా ఉంది. ఫొటో స్టూడియోలో బొమ్మలు కడగడానికి వాడే ఆ ఉప్పే, నరానికెక్కిస్తే కొన్నిసార్లు బతుకుతాయట.

ఆ చిగుళ్ల ఎరుపు సంగతి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. లేత జొన్నలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది. 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. ఆకు ఆకుగా ఉన్నంతసేపూ అది విషం కాదు. దాన్ని విడగొట్టే ఎంజైము ఆకులోనే వేరే గదిలో ఉంటుంది. పశువు నమిలినప్పుడు ఆ గదులు పగిలి రెండూ కలుస్తాయి, సైనైడు పుడుతుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగానే ఉంటుంది గానీ ఒంట్లోని కణాలు దాన్ని వాడుకోలేవు. వాడని రక్తం కాబట్టి చిగుళ్లు అంత ఎర్రగా కనిపిస్తాయి. లేతమొలకలో, వాడిపోయిన పైరులో, కోసేశాక మళ్లీ చిగిర్చిన దుబ్బులో ధూరిన్ ఎక్కువ. మొక్క పెరిగి పూతకొచ్చేసరికి బాగా తగ్గిపోతుంది, కోసి ఎండబెడితే ఇంకా తగ్గుతుంది. పూత రాని జొన్న పచ్చిగా వెయ్యకూడదన్న మాట మా ఇళ్లలో అందరికీ తెలుసు. ఎందుకో ఎవరికీ తెలీదు. తెలియాల్సిన అవసరమూ కనిపించలేదు.

నాము గురించి నాకు మొదట చెప్పింది మా తాతయ్య కాదు, మేకల బాబాయి. చుట్టం కాడు, ఊరివరస. ఊరికి ఉత్తరాన గరపనేల బంజరు ఉండేది. ప్రభుత్వ లెక్కలో పోరంబోకు, మా లెక్కలో మేకల బాబాయిది. రేగు కంప, బలుసు, కలివె, నల్లతుమ్మ, తంగేడు, మధ్యలో ఈతచెట్లు. దూరం నుంచి చూస్తే పనికిరాని కంపే. ఆయన పక్కన నడుస్తూ చూస్తే అదొక అంగడి.

ఆయన చేతిలో దోటి, దాని కొసకి కట్టిన చిన్న కొడవలి. మండలు కొట్టి మేకలకి వేసేవాడు. అందులో ఆయనకో పద్ధతుంది. ఏ పొదనీ మొదలంటా నరికేవాడు కాదు. మోకాలెత్తు వదిలేసి, పై మండలే. ఈ వారం ఇటు కొడితే మళ్లీ ఆ వరసకి రావడానికి ఒక వాన గడవాలి. నరికిన మోడు నుంచి గుత్తులు గుత్తులుగా చిగురొచ్చినప్పుడు మాకు అది మంచి మేత అనిపించేది. మందని అటు పోనిచ్చేవాడు కాదు.

“లేతగా ఉంది గదా బాబాయ్, మెయ్యనియ్యకూడదా?”

“అంతా లేతే మంచిదనుకుంటే ఎలారా అబ్బాయ్? అది కోపంగా ఉంది. కాస్త సల్లారనియ్యి.”

మొక్కకి కోపమేంటని మేం నవ్వుకునేవాళ్లం.

పొద్దున మంద తోలగానే తుమ్మ మీదికి వెళ్లనిచ్చేవాడు కాదు. ముందు కాలవగట్టు గడ్డి, రాలిన ఎండాకు. కడుపు సగం నిండాక రేగు. ఎండెక్కాక బలుసు. తుమ్మ ఆఖర్న, అదీ కాసేపే. ఒక చెట్టు దగ్గర పావుగంటకి మించి నిలబడితే నాలుక చప్పరించి అదిలించేవాడు. వగరు మేత పరగడుపున పడితే మేక నీరసిస్తుందనీ, కడుపులో వేరే మేత ఉంటే ఆ వగరే మందనీ అనేవాడు. పురుగులు పడ్డ మేకని మటుకు కావాలని తుమ్మ దగ్గర ఎక్కువసేపు కట్టేసేవాడు. ఇప్పుడు పశువైద్యం పుస్తకాల్లో, టానిన్లున్న ఆకు మితంగా మేపితే మేకల, గొర్రెల కడుపులో పురుగులు తగ్గుతాయని ఉంది.

టానిన్ అంటే వగరే. పచ్చి అరటికాయ కొరికితే నాలుక ఎలా పట్టేస్తుందో, మేక కడుపులో మేతలోని మాంసకృత్తుల్ని అది అలాగే పట్టేస్తుంది. ఆకులో ఎంత బలమున్నా ఒంటికి చేరదు. మొక్కకి పారిపోయే కాళ్లు లేవు. ముల్లు ఉంటుంది, అది గట్టిపడటానికి టైము పడుతుంది. ఈలోగా లేత చిగురుని కాపాడుకోవాలంటే వగరూ చేదూనే దిక్కు. నిస్సారమైన నేలలో, ఎర్రటి ఎండలో పెరిగే పొదకి ఇంకో చిక్కు. పోయిన ఆకు మళ్లీ వేసుకోవాలంటే నత్రజని కావాలి, అది నేలలో లేదు. ఎండ మాత్రం కావలసినంత ఉంది. ఆ ఎండతో కట్టుకున్న పిండిపదార్థంలో మిగిలినదాన్ని వగరుగా మార్చుకుని ఆకులో దాస్తుంది. 1983లో బ్రయంట్, చాపిన్, క్లెయిన్ అనే ముగ్గురు ఈ లెక్క రాశారు. వాళ్లు చూసింది అలాస్కా మంచుదేశపు పొదల్ని. తర్వాత వచ్చినవాళ్లు ఆ లెక్కకి చాలా సవరణలు పెట్టారు, అన్ని మొక్కలూ ఆ సూత్రానికి లొంగలేదు. కానీ మా గరపనేల తుమ్మ కన్నా కాలవగట్టు తుమ్మని మేకలు ఇష్టంగా మేసేవన్న సంగతి మాత్రం నేను కళ్లారా చూశాను.

బాబాయి చెప్పిన ‘కోపం’ నాకు మళ్లీ గుర్తొచ్చింది అమెరికాలోని యూటా రాష్ట్రం కథ చదివినప్పుడు. అక్కడి బీడుల్లో బ్లాక్‌బ్రష్ అనే ముళ్లపొద విస్తారం. ఏళ్ల తరబడి మేపకుండా వదిలేస్తే కట్టెబారిపోతుంది. చలికాలంలో మేకల్ని వదిలి కొసలు మేపిస్తే, వచ్చే ఏడు కొత్త కొమ్మలు దండిగా వస్తాయి, వాటిలో మాంసకృత్తులు ఎక్కువ, కాబట్టి ఆ తర్వాత పశువులకి మంచి మేత దొరుకుతుంది. ఆలోచన బాగానే ఉంది. 1980 ప్రాంతంలో ఫ్రెడ్ ప్రొవెంజా అనే పరిశోధకుడు ఆ పని మీదే మేకలతో గడిపాడు. మేకలు ఆ కొత్త కొమ్మలు వదిలేసి పాత కట్టె కొమ్మలే కొరికాయి. పరీక్ష చేయిస్తే కొత్త కొమ్మల్లో బలంతో పాటు టానిన్లూ ఎక్కువే ఉన్నాయి. అక్కడ ఇంకో తమాషా జరిగింది. ఒక మంద మేకలు ఆ పొదల కింద అడవి ఎలుకలు కట్టుకున్న గూళ్లు తినడం మొదలెట్టాయి. ఏంటా అని చూస్తే, ఎలుకల మూత్రం ఇంకి ఇంకి ఆ గూళ్ల బెరడులో నత్రజని పేరుకుని ఉంది. మిగతా మందలకన్నా ఆ మంద చలికాలం బాగా నెగ్గుకొచ్చింది. మేక పిచ్చిదని మనమంటాం గానీ, దాని నాలుక దగ్గర పెద్ద ప్రయోగశాలే ఉంది.

దక్షిణాఫ్రికా సంగతి అంత తమాషాగా లేదు. 1980లలో ట్రాన్స్‌వాల్‌లో కంచె వేసిన వేట తోటల్లో కూడూ అనే పెద్ద జింకలు వేలల్లో చచ్చాయి. చుట్టూ తుమ్మచెట్లున్నాయి, కడుపునిండా ఆకుంది. కంచె వల్ల చెట్టు మార్చి చెట్టు, దిక్కు మార్చి దిక్కు పోయే దారి లేకపోయింది, కొరికిన చెట్టునే కొరికాయి, ఆ చెట్లు వగరెక్కాయి అని వాన్ హోవెన్ అనే ఆయన వాదించాడు. చెట్లు గాలిలో కబురు పంపుకుంటాయని కూడా అన్నాడు గానీ, ఆ సగం అందరూ ఒప్పుకోలేదు. మా బాబాయి అయితే మొదటి సగం ఒక్క అదిలింపులో చెప్పేవాడు.

ఆ బంజరు మీదికి సర్కారు తుమ్మ ఎప్పుడొచ్చిందో సరిగ్గా చెప్పలేను. మన దేశానికి రావడం మాత్రం మన కడప జిల్లాలోనే. మద్రాసు అటవీశాఖ అధికారి బెడ్డోమ్ జమైకా నుంచి విత్తనం తెప్పిస్తే, 1877లో కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం. పని బాగానే చేసింది, కాదనను. పేదింటి పొయ్యి వెలిగించింది, బొగ్గుబట్టీలవాళ్లకి కూలి పెట్టింది. కానీ దాని ఆకు గొడ్డు ముట్టదు. ఆకులో టానిన్లూ, ఆల్కలాయిడ్లూ దట్టించుకుని, కాయలో మాత్రం చక్కెర పోసింది. మేక కాయ తింటుంది, గింజ అరగదు, పెంటికతో పాటు ఇంకో చోట మొలుస్తుంది. వేరే మేత లేక నెలల తరబడి ఆ కాయలే తిన్న పశువులకి దవడ నరాలు చెడి మూతి పక్కకి పోతుంది, నమలలేక చిక్కి చస్తాయి. రేగు, బలుసు కోసిన పద్ధతిలో దీన్ని కోస్తే లొంగదు. ఒక మాను నరికితే పది మొలుస్తాయి. మా బంజరులో రేగు మండ అందాలంటే ముందు ఈ కంపని దాటాల్సిన రోజొచ్చింది. బాబాయి దోటి అక్కడ పనికిరాలేదు. మంద సగానికి తగ్గింది, తర్వాత అమ్మేశాడు. ఆఖరి ఏళ్లలో గూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు కుట్టాడు.

కొల్లేరు వైపు మేత కథ వేరు. మా మేనత్తది లంక ఊరు. వేసవి సెలవులకి ఏలూరు దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన పడవ. వైశాఖం వచ్చేసరికి సరస్సు కుదించుకుపోయి, నీరు లాగిన నేల మీద గరిక, తుంగ, పేరు తెలియని సన్నగడ్డి మొలిచేవి. పొద్దున్నే గేదెల్ని విప్పితే వాటంతట అవే బారులు తీరి పోయేవి, అడ్డమొచ్చిన మడుగుల్ని ముక్కులు మాత్రం పైకి పెట్టి ఈదేవి. మా బావ గేదె మీద బోర్లా పడుకుని పోయేవాడు. నాకు ఆ ధైర్యం లేక గట్టున నడిచేవాణ్ణి.

అక్కడ మొక్కల ఆత్మరక్షణ చేదుతో కాదు, ఇసుకతో. కిక్కిస ఆకు వేలితో దూస్తే తెగుతుంది. గడ్డిజాతి నేలలోంచి సిలికా పీల్చి ఆకు అంచుల్లో, ఒంట్లో పేర్చుకుంటుంది. పశువు పళ్లు అరుగుతాయి, మేత అరగదు. ముదిరిన కిక్కిసని ఏ గేదే ముట్టదు. అందుకని మాఘం, ఫాల్గుణాల్లో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర రోజులకి అటూ ఇటూగా, ఎండిన కిక్కిస దుబ్బులకి నిప్పు పెట్టేవాళ్లు. రాత్రిళ్లు సరస్సు మీద ఎర్రటి గీతలు కనిపించేవి. బూడిద తడిశాక వచ్చే మొలక మెత్తగా ఉండేది, మూడు నాలుగు వారాల పాటు మేత. ఆలస్యమైతే మళ్లీ కత్తే. ఎవరి దుబ్బు ఎప్పుడు కాల్చాలో పెద్దలు అనుకుని చేసేవాళ్లు, అన్నీ ఒకేసారి కాల్చేవాళ్లు కాదు. అందువల్ల ఎక్కడో ఒకచోట లేత ఉండేది. ఆ గేదెల పాలతో మా అత్త వేసే పెరుగు చిల్లు పెట్టినా కారేది కాదు. అదే గట్ల మీద వయ్యారిభామ పెరగడం మొదలయ్యాక, దిక్కులేక దాన్ని కొరికిన గేదె పాలు చేదెక్కాయని అత్త మొత్తుకోవడం కూడా విన్నాను.

1970ల చివర్లో సహకార సంఘాల పేరుతో చేపల చెరువులు మొదలయ్యాయి. మొదట్లో లంకవాళ్ల చేతిలోనే. తర్వాత పెట్టుబడి ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. మేతనేల చెరువు కింద పోయిందన్నది అందరికీ కనిపించిన నష్టం. కనిపించనిది ఇంకోటుంది: తవుడు. కట్లకీ, శీలావతికీ మేపేది తవుడూ, వేరుశనగ చెక్కే. మిల్లులో గేదె కోసం కుంచాలతో కొలిచి తెచ్చుకున్న తవుడు బస్తాల లెక్కన, లారీల లెక్కన చెరువులకి పోయింది. గేదెకి మిగిలింది ఎండు వరిగడ్డి. వరిగడ్డిలో నూటికి పది పాళ్ల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సిలికా ఉంటుంది. పైగా అందులోని ఆక్సలేటు సున్నాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వదు. తవుడూ, చెక్కా తోడుంటేనే అది మేత.

1999లో సరస్సులో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో పొక్లెయిన్లు దిగి చెరువుగట్లు తెగ్గొట్టాయి. గట్లు తెగాయి గానీ పాత మేతనేల తిరిగి రాలేదు. కాల్చేవాళ్లు లేరు, మేపే మందలు లేవు, అభయారణ్యంలో నిప్పు పెట్టడం నేరం. తెగిన గట్ల మధ్య కిక్కిస, జమ్ము, గుర్రపుడెక్క నిలువెత్తు పెరిగాయి. కొన్ని గట్లు మళ్లీ లేచాయి. కొల్లేరుని మేపి బాగుచేయొచ్చని నేననడం లేదు, ఆ చేపలకీ పక్షులకీ వేరే అవసరాలున్నాయి. అదుపులో మేత కూడా సరస్సు పనుల్లో ఒకటిగా ఉండేదన్న సంగతి ఏ కమిటీ గదిలోనూ ఎవరికీ గుర్తుకొచ్చినట్టు లేదు, అదే నా ఫిర్యాదు.

మాగాణిలో పోయింది పిల్లిపెసర. సార్వా వరి కోతకి ముందే, చేలో పదునుండగా, పిల్లిపెసరో జనుమో చల్లేవాళ్లు. వరి కోసేసరికి అది జానెడు లేచి ఉండేది. సంక్రాంతి దాటాక చేలన్నీ మళ్లీ పచ్చన. జనుము గింజలో విషముంటుంది కాబట్టి కాయ గట్టిపడక ముందే కోసి ఎండబెట్టి వామి వేసేవాళ్లు. వరిగడ్డిలో లేని బలమంతా ఆ పప్పుజాతి మేతే ఇచ్చేది, నేలకీ ఇంత నత్రజని మిగిల్చేది. దాళ్వా వచ్చాక చేను ఖాళీగా ఉండటమే మానేసింది. రెండో పంట వచ్చింది, ఇళ్లు డాబాలయ్యాయి. పిల్లిపెసర విత్తనం కోసం ఇప్పుడు ఏలూరు కొట్లలో అడిగి చూడాలి.

మెట్టలో పామాయిలు. 1995లో పెదవేగిలో కేంద్రం ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం పెట్టింది, ఆ చుట్టూ జొన్నచేలు తోటలయ్యాయి. నాము భయం జొన్నతోనే పోయింది. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే చుట్టూ ఉన్న బీట్లో గూడెం గొడ్లు మేసేవి. 2015లో వచ్చిన ఎన్ఐటీ తర్వాత ఆ భూముల్లోనే భవనాలు కట్టుకుంది.

మొన్నామధ్య లంకకి వెళ్లాను. బావ కొడుకు గేదెల్ని కట్టేసి మేపుతున్నాడు. చెరువుగట్టు పొడుగునా సూపర్ నేపియర్. మెత్తగా ఉంటే ఎక్కువ తింటాయని నెల తిరక్కుండానే కోసి, మిషన్లో ముక్కలు చేసి వేస్తున్నాడు. ఒక గేదె ఈనిన మూడోనాడు కూలబడిపోతే డాక్టరొచ్చి కాల్షియం ఎక్కించాడట. నేపియర్‌లోనూ ఆక్సలేటు ఎక్కువే, లేతదాంట్లో మరీ ఎక్కువ. ఇంకో పదిహేను రోజులు ఆగి కొయ్యమనీ, ఒక్కటే వెయ్యకుండా ఎండుగడ్డీ, కాస్త పప్పుజాతి మేతా కలపమనీ, ఖనిజలవణాల పొడి మానొద్దనీ ఆ డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. కాగితం పాకలో కమ్మికి గుచ్చి ఉంది.

“మరి కలుపుతున్నావా?” అన్నాను.

“ఎండుగడ్డెక్కడిది మావయ్యా? మిషను కోత కోస్తే గడ్డంతా చేలోనే చిందరవందర. కట్టలు కట్టే మిషను పిలిస్తే కట్టకింతని అడుగుతాడు, ఆ కట్టలు కొనడానికి గూడెం డెయిరీలోళ్లు లారీలు పట్టుకుని ముందే ఉంటారు. మొన్న కంప్యూటర్లో చూశాను, అవిశె మొక్కలు గట్టున పెట్టుకోమంటున్నారు. పెడితే మేకలు మెయ్యకుండా ఎవడు కాస్తాడు చెప్పు?”

“మేకలున్నాయా ఊళ్లో?”

“రెండిళ్లలో ఉన్నాయి. ఆళ్లూ నేపియరే కొంటున్నారు.”